పిన్ని ఏకాదశులు

పోయిన మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా ఇంట్లో కుక్కర్ మూడో విజిల్ వేసింది. గ్యాసు కట్టేసి చేతులు తుడుచుకుంటూ ఉంటే ఎవరో తలుపు తట్టారు. గడియారం వైపు చూసింది అన్నం కోసమే అయినా ఆ టైము అలాగే గుర్తుండిపోయింది. వచ్చినవాడు మా చెల్లెలి కొడుకు. చెల్లెలంటే మా పిన్ని కూతురు. చెల్లెలు పోయి అప్పటికి ఇరవై రెండు రోజులు. వాడి చేతిలో పాత దుప్పటిలో చుట్టిన పటం ఒకటి ఉంది.

"అమ్మ కిచెన్లో ఉండింది గదా పెద్దమ్మా, అదే. నీకే ఇచ్చేయమని ఆసుపత్రిలో రెండు తడవలు చెప్పింది," అన్నాడు. దుప్పటి విప్పి పటాన్ని గోడకి ఆనించి, రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూశాడు. "చిన్నప్పట్నించీ చూస్తానే ఉండాను. ఇదేందో ఇప్పుడుదాకా నాకు పురియలేదు. ఎండిపోయిన చెరువా?"

అర్థం కాలేదనడానికి పురియలేదంటారు మా పిల్లలు. వాడు ఈ మద్రాసులోనే పుట్టి పెరిగినవాడు, సగం మాటలు అరవంలోనే వస్తాయి. అవును నాయనా, చెరువే, అన్నాను. వాడు కాఫీ తాగి వెళ్లిపోయాడు. కుక్కర్ చల్లారింది, మూత తీయలేదు. తొంభైకి దగ్గరపడ్డాను, చెల్లెలు పోయింది, అడిగినవాడు చెల్లెలి కొడుకు. అయినా నోటికి మొదట వచ్చింది ఆ పాత అబద్ధమే.

ఆ పటంలో ఉన్నది నేను తీసిన అచ్చు. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు. అందులో ఫలానా వస్తువని చెప్పడానికి ఏమీ లేదు. నలుపులోంచి గోధుమరంగు పైకి వస్తుంది, దాని నిండా పగుళ్లు, పగుళ్ల అంచుల్లో పొలుసులు లేచినట్టు గరుకు, ఒక మూల పీచు పోగులు. అద్దం తీసి వేలు పెడితే ఆ గరుకు చేతికి తెలుస్తుంది, ఎందుకంటే అచ్చుయంత్రం సిరాతోపాటు అచ్చుపలక ఎత్తుపల్లాలను కూడా కాగితంలోకి నొక్కుతుంది. ఇలాంటి అచ్చులకు ఇప్పుడు ఒక పేరుంది, నేర్పేవాళ్లున్నారు. యాభైలు మొదలైన రోజుల్లో, మద్రాసు బొమ్మల బడిలో మేం చేసినప్పుడు, దానికి పేరేమీ లేదు. చెక్క చెక్కి అచ్చు తీయడం తెలుసు, లినోలియం కోసి తీయడం తెలుసు. రాగిరేకు మాబోటివాళ్లకు అందేది కాదు. అందుకని మా మాస్టారు ఒకరోజు, మీ ఇళ్లలో గరుకుగా ఏముంటే అది తీసుకురండి, చెక్కమీద అతికించండి, పైన లక్క పూసి, సిరా రాసి, తుడిచి, తడి కాగితం వేసి యంత్రంలో పెట్టి తిప్పండి, ఏం వస్తుందో నాకూ తెలీదు, అన్నారు. తెలీదని చెప్పిన మాస్టారిని నేను అంతకుముందు చూడలేదు. ఆ ఒక్క మాటకి ఆయనకు భక్తురాలినైపోయాను.

మర్నాటి నుంచి క్లాసు కూరగాయల మార్కెట్టు వెనకవైపులా తయారైంది. బీరపీచు తెచ్చినవాళ్లు బీరపీచు, ఊక తెచ్చినవాళ్లు ఊక. ఒకాయన ఎన్నూరు నుంచి వచ్చేవాడు, ఉప్పునీటి ఇసుక, ఆలిచిప్పల పొడి తెచ్చాడు. ఒకమ్మాయి చేప పొలుసులు తెచ్చింది, ఆమె పక్కన రెండు రోజులు ఎవరూ కూర్చోలేదు. నేను పిన్ని దాచిపెట్టిన చింతనార, కొబ్బరిపీచు పట్టుకెళ్లాను. బాగానే వచ్చాయి. కాని పీచు పీచులాగే ఉంది. చూసినవాళ్లు, ఓహో పీచా, అనేవారు. నాకు కావలసింది అది కాదు.

నేను చిత్తూరు దగ్గర ఒక ఊరి బడిపంతులి కూతుర్ని. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. గోడలమీద బొగ్గుతో బొమ్మలు వేస్తున్నానని నాన్న విసుక్కుంటూ రాసిన ఒక ఉత్తరం చదివించుకుని, ఆ పిల్లను నా దగ్గరికి పంపించండి, ఈడ బొమ్మలకి బడి ఉండాది, అని జవాబు రాయించింది పిన్ని. ఆమెకు చదువు రాదు. మైలాపూరులో ఒక ఇంటి వెనక భాగంలో రెండు గదులు, ఒక వంటిల్లు, బయటి మెట్లమీదుగా ఎక్కే మిద్దె. వాటిలో ఆమె, బాబాయి, ఎనిమిదేళ్ల చెల్లెలు, నేను. బాబాయి కోడంబాక్కంలో ఒక స్టూడియోలో సెట్టింగులు కట్టే పనిలో ఉండేవాడు. ఆయన పని కొండలు. వెదురు, గోనెపట్టా, సున్నం, పీచు కలిపి రాజకుమారి ఆనుకుని ఏడవడానికి తగిన రాళ్లు చేసేవాడు. షూటింగు ఉంటే పని, లేకుంటే వీధి అరుగు. నా పలకలు చూసి ఆయన నవ్వేవాడు. "నేను గోనెతో కొండ చేస్తే కొండ మాదిరి ఉంటుంది. నువ్వు చేసేది ఏంది మాదిరి పాపా?" అనేవాడు. అయినా స్టూడియో నుంచి ప్లైవుడ్ ముక్కలు, వజ్రం బంక, సీసా అడుగున మిగిలిన లక్క పాలిష్ నాకోసం తెచ్చేవాడు.

పిన్ని నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు. చేతులు మసైపోతాయనేది. సాయంత్రం నేను మోచేతులదాకా నల్లసిరాతో ఇంటికి వచ్చేదాన్ని, కుంకుడుకాయ పులుసు పోసి తోమేది. ఆమె మసికీ నా మసికీ తేడా ఏమిటని నేను ఎప్పుడూ అడగలేదు. ఆమెకు మాత్రం తెలుసు. తన పొయ్యి దగ్గరకు నన్ను రానిస్తే అక్కడే ఉండిపోతానని భయం. అందువల్ల ఆ ఇంట్లో మూడేళ్లున్నా డబ్బాలో ఎంత బియ్యం ఉందో నాకు తెలిసేది కాదు. కంచంలోకి అన్నం వచ్చేది, తినేదాన్ని, పుస్తకం చదువుకుంటూ తినేదాన్ని.

అప్పుడు బియ్యానికి రేషను. కార్డు మీద కొంత బియ్యం, కొంత గోధుమలు ఇచ్చేవారు. గోధుమలతో ఏం చెయ్యాలో పిన్నికి తెలిసేది కాదు. మొదటిసారి చేసిన రొట్టెల్ని బాబాయి కాసేపు వంచి చూసి, రెండు స్టూడియోకి తీసుకుపోతానని, కొండకి అడుగున వేస్తే గట్టిగా నిలుస్తుందని అన్నాడు. ఆవిడ వారంరోజులు ఆయనతో మాట్లాడలేదు. అంత కరువులోనూ ఆమె ఒక అలవాటు మానలేదు. పొద్దున్నే బియ్యం కొలిచి, కడిగేముందు, ఒక పిడికెడు తీసి మూలనున్న మట్టి ముంతలో వేసేది. పైన కొబ్బరిచిప్ప మూత. వాళ్ల అమ్మ అలా చేసేదట. అమ్మ ఎవరికోసం తీసేదో తెలియదు కాని, పిన్ని ముంత మాత్రం శనివారం అవ్వది.

రాయలసీమలో వానలు లేక పల్లెలకు పల్లెలు లేచి వస్తున్న రోజులవి. కదిరి పక్కనుంచి వచ్చానని చెప్పే ఒక ముసలామె ప్రతి శనివారం మధ్యాహ్నం మా వెనక మెట్ల దగ్గరికి వచ్చేది. ఆమె పేరు ఎవరూ అడగలేదు. మొదటిసారి వచ్చినప్పుడు ఆ యాస విని పిన్ని లోపలినుంచి పరుగున వచ్చింది, పుట్టింటి మనిషి వచ్చినట్టు. వారానికి ఏడు పిడికెళ్లు. అవి ఆమె కొంగులో పోసి, "శనివారం శనివారం రా అవ్వా. నేనుండేదాకా ఉత్త కొంగుతో పంపించను," అంది. అది నా ఎదుటే అంది. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు వీలులేదు.

ఎండాకాలం చివర మా బడిలో ప్రదర్శన. రకరకాల పీచులతో విసిగిపోయి ఉన్నాను. ఒకరోజు మిద్దెమీద పక్కింటివాళ్లు పోసిన వడియాల గుడ్డ చూశాను. ఒకచోట పిండి చిక్కగా జారి, మందంగా ఎండి, పగిలింది. మా ఊరి చెరువు అలాగే పగిలేది, సరిగ్గా అలాగే, ముక్కల అంచులు పైకి లేచి. నాకు కావలసింది అదే. గంజితో చేసి చూశాను, పలచగా ఎండి ఊడిపోయింది. గోధుమపిండి బంకలా సాగింది, పగలలేదు. బియ్యం నానబెట్టి, రుబ్బి, చిక్కగా ఉడికించి, వజ్రం బంక రాసిన చెక్కమీద వేలెడు మందాన పరచాలి. పిన్నిని అడిగితే ఇచ్చేదా అని ఇప్పుడు ఆలోచిస్తాను. ఇచ్చేది. అందుకే అడగలేదేమో. అడిగితే ఎంత కష్టమో ఆమె ముఖంలో కనబడుతుంది. ఆమె కుళాయి దగ్గరికి వెళ్లినప్పుడు వంటింట్లోకి వెళ్లి, కొబ్బరిచిప్ప తీసి, ముంతలోంచి నాలుగు పిడికెళ్లు తీసుకున్నాను. డబ్బా జోలికి పోలేదు. డబ్బాలోవి ఇంటివాళ్ల బియ్యం, ముంతలోవి ఎలాగూ ఇచ్చేసేవే కదా అనుకున్నాను. పుస్తకాలు చదివిన పిల్ల ఆలోచన అది.

మొదటి పలక యంత్రంలో నుజ్జయింది. పగుళ్లన్నీ పిండైపోయి కాగితానికి అంటుకున్నాయి. రెండోది లక్క సరిగ్గా ఆరక సిరా పీల్చుకుంది. మూడోది ఎలుకలు తిన్నాయి, వాటిని తప్పుపట్టలేను. ప్రతిసారీ నాలుగు పిడికెళ్లు. ప్రతిసారీ ముంతలో బియ్యం ఉంది. నేను తీసిన మర్నాడే మళ్లీ నిండి ఉండేది. అది ఎలాగని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. సిరా ఎందుకు పీల్చుకుందని మాత్రం రెండు రాత్రులు నిద్రపోలేదు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున నేను గుమ్మంలో కూర్చుని చెక్కకి బంక రాస్తున్నాను. చెల్లెలు గోడమీది క్యాలెండరు కాగితం చించుతూ కూడబలుక్కుని చదివింది, అప్పుడే చదవడం నేర్చుకుంటోంది. వంటింట్లోకి చూసి, "ఏమ్మా, ఈ పొద్దు కూడా అన్నం తినవా? ఏకాదశి మొన్ననే అయిపోయె గదా," అంది.

"అది మన ఏకాదశి. ఇది అరవోళ్ల ఏకాదశి," అంది పిన్ని లోపలినుంచి.

"అరవోళ్లకి వేరే ఉంటదా?"

"ఆమా, వేరేనే. మనం ఉండేది వాళ్ల ఊళ్లో గదా, వాళ్లదీ ఉండాల. పోయి జడేసుకో పో."

నేను పడీపడీ నవ్వాను. సాయంత్రం బాబాయికి చెప్పాను, ఆయనా నవ్వాడు. తురకల ఏకాదశి, దొరల ఏకాదశి కూడా ఉన్నాయేమో కనుక్కోమన్నాడు. పిన్ని కూడా మాతోపాటు నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. తల అటు తిప్పుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నాలుగో పలకని శుక్రవారం పరిచాను. ఈసారి పిండిలో కొబ్బరిపీచు సన్నగా కత్తిరించి కలిపాను. బాబాయి చెప్పిన ఉపాయం అది, కొండలు విరగకుండా ఆయన అలాగే చేసేవాడు. శనివారం మధ్యాహ్నానికి అది మిద్దెమీద నేను కలగన్నట్టే పగిలింది. లక్క సీసా, కుంచె పట్టుకుని మెట్లు ఎక్కేసరికి పలక పక్కన శనివారం అవ్వ కూర్చుని ఉంది. చేతిలో చీపురుపుల్ల. ఎండ నెత్తిమీద ఉంది, ఆమె కొంగు తలమీద కప్పుకుని కాకుల్ని తోలుతోంది.

"కాకులు ముడుతాండాయి తల్లీ. కిందనుంచి చూసి వచ్చినా. ఒగ్గటి కూడా ముట్టనీలేదు," అంది. ఎంతసేపటి నుంచి కూర్చుందో తెలియదు. పలకకేసి చూసి, "వడియాలు చెక్కమీద పెట్టినారే? మంచి ఎండ. బాగా వేగుతాయిలే," అంది.

ఆమె లేచి వెళ్తుందేమోనని కొంచెం ఆగాను. వెళ్లలేదు. ఎండ వేడిమి తగ్గకముందే లక్క పూయాలి, లేకపోతే పొలుసులు లేచిపోతాయి. అది నిజమే. ఆ నిజం తోడు తెచ్చుకుని ఆమె ఎదుటే కుంచె ముంచి పూయడం మొదలుపెట్టాను. లక్క వాసనకి ఆమె ముక్కు మూసుకోలేదు. ఒక మూల నుంచి రెండో మూల దాకా కుంచె వెళ్లినంతసేపు కళ్లతో వెంబడించింది.

"ఇంగ తినేదెట్లమ్మా దాన్ని?" అంది.

"ఇది తినేది కాదవ్వా. బొమ్మ."

"బియ్యమే గదా?"

నేను కుంచె తుడుచుకుంటున్నట్టు నటించాను. ఆమె కాసేపు చూసి, చీపురుపుల్లని జాగ్రత్తగా గోడవార పెట్టి, మెట్లు దిగింది. కింద పిన్ని గొంతు వినబడింది, ముంత బోర్లించిన చప్పుడు వినబడింది. ఆ రోజు కూడా కొంగు ఖాళీగా పోలేదు. అమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్న సంగతి ఎవరికీ తెలియదు, రాయకపోతే ఎప్పటికీ తెలియదు.

అచ్చు అద్భుతంగా వచ్చింది. ఇది గొప్పకి చెప్పడం లేదు. ఆ పలక ఐదు అచ్చులు తట్టుకుంది, ఆరోదానికి పొడైపోయింది. మాస్టారు తడి కాగితాన్ని రెండు చేతులతో ఎత్తి వెలుతురుకి పట్టి, అంచు నుంచి అంచు దాకా చూశారు. తర్వాత, ఇది చూసి చేసింది కాదు, ఎరిగి చేసింది, అన్నారు. పేరేమిటన్నారు. కరువు, అన్నాను. ఆ పగుళ్లు దేనితో చేశావన్నారు. ఆయన అడిగింది మెచ్చుకోలుగానే. బియ్యంతో అని చెప్పవచ్చు. చెప్తే క్లాసంతా ఒక్కసారి నావైపు చూస్తుంది. వాళ్లందరివీ రేషను ఇళ్లే. "చెరువు మట్టండీ, మా ఊరి నుంచి తెప్పించాను," అన్నాను. మా ఊరి నుంచి అని కూడా అన్నాను. అడగకుండానే ఆ ముక్క కలిపాను. ఆయన దాన్ని అలాగే టైపు కొట్టించి ప్రదర్శనలో పటం కింద పెట్టించారు: మట్టి, ఇసుక, కొబ్బరిపీచు.

ప్రదర్శనకు పిన్ని తన పెళ్లినాటి చీర కట్టుకుని వచ్చింది. నొసటిమీద కమిలిన మచ్చ ఉంది. రెండు రోజుల కిందట కుళాయి వరసలో కళ్లు తిరిగి బిందె మీద పడింది, ఎండకి అంది, మేమూ ఎండకే అనుకున్నాం. చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుంది. బాబాయి అన్ని పటాల ముందూ నిలబడి వాటిని కొండలతో పోల్చుకుంటూ వచ్చాడు. నా అచ్చు ముందు పదిమంది ఉన్నారు. పత్రికకు రాసే ఒకాయన మాస్టారితో కరువుజిల్లాల గురించి మాట్లాడుతున్నాడు, ఈ పిల్ల ఆ నేలని తీసుకొచ్చి గోడకి పెట్టిందని అంటున్నాడు. బాబాయి పటం కింది కాగితం మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని పిన్నికి చెప్పాడు.

"మట్టి అని రాసుండాది."

పిన్ని దగ్గరగా వెళ్లింది. గంజి వార్చే చేతులు, వడియాలు పోసే చేతులు ఆమెవి. బియ్యప్పిండి ఎండితే ఎలా పగులుతుందో ఆ గదిలో అందరికన్నా ఆమెకు ఎక్కువ తెలుసు. వేలు ఎత్తి, ముట్టకుండా, ఒక పగులు వెంబడి గాలిలోనే కొంతదూరం తీసుకెళ్లింది. మాస్టారు ఆమెని చూసి, "మీ అమ్మాయా? మీ ఊరి మట్టేనట కదమ్మా," అన్నారు.

పిన్ని నావైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"ఆమా అయ్యా. మట్టే," అంది.

ఇంటికి వెళ్తూ ట్రాములో ఆమె నా పక్కన కూర్చుంది. ఏదో అంటుందని మైలాపూరు దాకా చూశాను. దిగేముందు, "నాకొకటి ఇయ్యి పాపా. ఇంట్లో పెట్టుకుంటా," అంది. ఇచ్చాను. బాబాయి స్టూడియోలో చట్రం కట్టించి, ప్రదర్శనలోని చీటీని వెనక అట్ట లోపల అంటించి తెచ్చాడు. ఆమె దాన్ని ముందుగదిలో పెట్టనివ్వలేదు, వంటింట్లో ముంతకి పైన మేకు కొట్టించింది. పొద్దున్నే పిడికెడు తీసి ముంతలో వేసేటప్పుడు కళ్లెత్తితే అదే కనిపిస్తుంది. నామీద అభిమానంతో అక్కడ పెట్టుకుందని అనుకున్నాను. నేను మళ్లీ ఆ ముంత జోలికి పోలేదు. మంచితనం వచ్చి కాదు, నా పని అయిపోయింది.

అవ్వ తర్వాత రెండు శనివారాలు వచ్చింది. మిద్దె ఎక్కలేదు. నేను కనిపిస్తే పలకరించేది, చెక్క సంగతి ఎత్తలేదు. మూడో శనివారం రాలేదు. ఆ వారం మంచి వాన పడింది, ఊరికి పోయుంటుందిలే, అంది పిన్ని. ముంత మాత్రం నింపుతూనే ఉంది. ఇంకెవరో వచ్చేవారు, ఆ తర్వాత ఇంకెవరో. ఆ ఏడాదే బియ్యానికి రేషను ఎత్తేశారు. నేను చదువు ముగించి ఒక ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరుగా చేరాను, పెళ్లయింది, పలకలు చేయడం తగ్గి తగ్గి పోయింది. ప్రశంసలు రాసిన పత్రిక ముక్క ఎప్పుడో చెదలు తిన్నాయి.

పిన్ని పోయిన పదకొండో రోజున, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, చెల్లెలూ నేనూ వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాం. అప్పటికి మా ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఆమె ఆ పటం కిందకి దించి తుడుస్తూ, నావైపు చూడకుండా అంది.

"అక్కా, ఆ నెలలో అమ్మకి ఎన్ని ఏకాదశులొచ్చినాయో తెలుసునా?"

నాకు అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అర్థమైంది, చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడ్డాను.

"పదకొండు. నేను క్యాలెండరు కాగితాలు దాచుకున్నా. తన వంతు బియ్యం కొలిచి ముంతలో వేసేసేది. నేను చూసినానని తెలిసి, అక్క చదువుకి కావాల, దానికి చెప్పబాకు, అనింది. నేను చెప్పలే." అద్దం మళ్లీ తుడుస్తూ, "అరవోళ్ల ఏకాదశని నువ్వు నవ్వితివి చూడు, ఆ పొద్దు మాత్రం చెప్పేద్దామనుకున్నా," అంది.

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఎనిమిదేళ్లప్పటి నుంచి మోసిన మూటని దించి పెడుతున్నట్టుంది, అంతే. అవ్వ గురించి, కాకుల గురించి చెప్పాలనిపించింది. చెప్పలేదు. చెల్లెలు మేకు వెతికి పటాన్ని మళ్లీ అక్కడే తగిలించింది. తర్వాత ముంతని కూడా తన ఇంటికి తీసుకెళ్లింది, పటాన్నీ తీసుకెళ్లింది, అక్కడా అలాగే పెట్టింది. ప్రతిరోజూ పిడికెడు తీసేది. ఆమె ఇంటికి వెళ్లినప్పుడల్లా నేను ముందుగదిలోనే కూర్చునేదాన్ని. కాళ్ల నొప్పులని చెప్పేదాన్ని.

కొన్నాళ్ల కిందట ఎవరో అమ్మాయి పాత అచ్చుల మీద పరిశోధన చేస్తున్నానని మా ఇంటికి వచ్చింది. ఆ రోజుల్లో ఏ పదార్థాలు వాడేవారని అడిగింది. ఊక, పీచు, ఇసుక, ఆలిచిప్ప, చేప పొలుసులు, అన్నీ చెప్పాను. ఆ అమ్మాయి రాసుకుంది. చెల్లెలు అప్పుడు బతికే ఉంది, నాకు అవకాశం ఉంది. అప్పుడూ మట్టి అనే చెప్పాను. ఇలాంటివి ఒకసారి చెప్పే అదను తప్పితే ప్రతి ఏడూ ఇంకొంచెం కష్టమవుతాయి. వయసు పెరిగితే సిగ్గు తగ్గుతుందంటారు, నాకు తగ్గలేదు.

మంగళవారం వాడు వెళ్లాక పటాన్ని బోర్లించి వెనక అట్ట విప్పాను. టైపు కొట్టిన చీటీ ఇంకా అంటుకునే ఉంది, అంచులు పసుపుపచ్చగా మారాయి. పెన్సిలు తీసుకుని మట్టి అన్నచోట కొట్టేసి పక్కన బియ్యం అని రాశాను. దాని కింద, ముంతలోవి, అని రాశాను. అట్ట మళ్లీ బిగించాను. గోడవైపు ఉండే రాత, దాన్ని ఎవరూ చదవరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. చెల్లెలి కొడుక్కి కూడా ఫోను చేసి చెప్పాలి, చెరువు కాదని. ఇంకా చెయ్యలేదు.

ముంత ఏమైందని మాత్రం వాడు బయలుదేరేటప్పుడు అడిగాను. సామాన్లు సర్దేటప్పుడు పగిలిందట, పారేశారట. వాళ్లింట్లో ఇప్పుడు బియ్యం సంచినుంచి నేరుగా కుక్కర్లోకి పోస్తారు, మా ఇంట్లోనూ అంతే. ఇన్నేళ్లూ ప్రతి పొద్దున బియ్యం కడిగేముందు నా చెయ్యి ఒక్క క్షణం ఆగేది, ఆగి ఊరుకునేది. ఆ పిడికిలి పిన్నిది, తర్వాత చెల్లెలిది, నాది కావడానికి నాకు మొహం చెల్లలేదు. కాలం నాకు కావలసినంత ఇచ్చింది, అందులో ఒక పిడికెడు కూడా పక్కన పెట్టలేకపోయాను. కడిగేముందు బియ్యం తీసి ముంతలో వేయడం మా వాళ్లలో ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.